పెంచలయ్య కట్టిన పయనం

పెంచలయ్య అని ఒకాయన ఉండాడు, ఉదయగిరి పక్క మెట్టలో బావులు తవ్వేవాడు. బావి తవ్వేవాడి బతుకు మీకు తెలుసు గదా, నీళ్ళు పడేదాకానే వాడి బావి, పడినాక రైతు బావి. పెళ్ళాం చెంగమ్మ. ఆయన గడ్డపారతో పొడిస్తే ఈమె తట్టతో మన్ను మోసేది. మోసి మోసి నడినెత్తిన వెంట్రుకలే అరిగిపోయినాయి. ఇట్టాంటోళ్ళ రెక్కల మీద ఊళ్ళు నీళ్ళు తాగినాయి, ఎవడన్నా ఒక పూట తలుచుకున్నాడా? సరే, నా కోపం ఎప్పుడూ ఉండేదే, కథ వినండి. ఏమైందంటే, చెంగమ్మ కళ్ళకి మసక కమ్మింది. డాక్టరు చూసి, ఇది ఆపరేషనుకి లొంగే జబ్బు కాదమ్మా, చుక్కలు వేసుకుంటా ఉంటే కొన్నాళ్ళు ఆగుద్ది, చూడాల్సినవి ఏమన్నా ఉంటే తొందరగా చూసుకో అన్నాడంట. ఆమె ఏడవలా. ఇంటికొచ్చి మొగుడితో, "ఏమయ్యో, మనం తవ్వకుండానే ఉండే నీళ్ళు చూపించు నాకు. సముద్రం చూడాల, రైలెక్కి గోదారి చూడాల" అన్నాదంట.

పెంచలయ్యకి పెళ్ళామంటే ప్రాణం. అరుగు మీద గులకరాళ్ళు పేర్చాడు. ఇది నెల్లూరు, ఈడిదాకా బస్సు. ఇది సముద్రం, ఆడికి ఆటో. ఇది రాజమండ్రి, రైలు. ఇది అన్నవరం, మళ్ళీ బస్సు. పయనం బెమ్మాండంగా కట్టాడు గానీ, ఆయనకి వారశూల పట్టింపు. సోమవారం, శనివారం తూర్పుకి పోకూడదు, మంగళ, బుధవారాలు ఉత్తరానికి పోకూడదు, ఇట్టా ఒక్కో వారానికి ఒక్కో దిక్కు. నెల్లూరుకి దారి కుదిరితే రాజమండ్రికి కుదరదు. రాజమండ్రికి కుదిరితే రైల్లో సీట్లు ఉండవు. రాళ్ళు జరుపుతానే ఉండాడు. ఎండాకాలం ముగిసింది, వానలొచ్చినాయి. ఒకనాడు చెంగమ్మ చెంబు అనుకొని గంప మీద చెయ్యేసింది. చూపు అంత తగ్గిందని తెలిసేసరికి ఒళ్ళు మండిపోయిందనుకోండి, అరుగు కాడికొచ్చి ఆ రాళ్ళన్నీ చీపురుతో ఊడ్చేసింది. "నా చూపు పంచాంగం అడిగి పోద్దా? ఏ రోజుకి సీటుంటే ఆ రోజు పోదాం, నడువు!"

నెల్లూరులో ఉండే మేనల్లుడు టికెట్లు తీశాడు. దొరికింది మంగళవారం సాయంత్రం రైలు. మంగళవారం, ఉత్తరం! పెంచలయ్య గుండెలో రాయి పడింది. అయినా ఆదివారమే బస్సెక్కి నెల్లూరు చేరారు, మైపాడు పోయి సముద్రం చూశారు. చెంగమ్మ మోకాళ్ళ దాకా నీళ్ళల్లో నిలబడి బయటికి రానంటే రానన్నాదంట. సోమవారం పెంచలయ్య ఏం చేశాడంటే, పరస్థానం పెట్టాడు. తెలుసు గదా మీకు, కాని రోజున పోక తప్పకపోతే, మంచి రోజున మన మూటని ముందుగా ఇంకొకరి ఇంట్లో పెట్టొస్తే, పయనం ఆ రోజే మొదలైనట్టు లెక్క. స్టేషను ముందర మస్తానమ్మ అని ఒకామె టీ అంగడి పెట్టుకోనుంది. మా అమ్మ కూడా పెట్టేదిలే పెద్దాయనా, ఆ మూల పెట్టిపో అన్నాది. మూటలో గుడ్డలూ, కంటి చుక్కలూ పెట్టాడు. టికెట్లు కూడా పెట్టాడు! నవ్వబాకండి. టికెట్టు లేకుండా అది పయనం ఎట్టవుద్దని ఆయన వాదన.

మంగళవారం సాయంత్రం పోతే అంగడికి తాళం. కూతురికి నొప్పులు వస్తే మస్తానమ్మ అన్నీ మరిచి ఆసుపత్రికి పరిగెత్తింది. రైలొచ్చింది, నిలబడింది, పోయింది. చెంగమ్మ మొగుడి మీద అరుస్తాదని చుట్టుపక్కలోళ్ళు చూస్తా ఉండారు. ఆమె అరవలా. "ఇంక నాకు గోదారి లేదులే" అనేసి నేల మీద చతికిలబడింది. ఆ మాటకి పెంచలయ్య, ముప్పై నిలువుల బావిలో దిగినా బెదరని మనిషి, తల గోడకేసి కొట్టుకున్నాడంట.

తెల్లారి మస్తానమ్మ వచ్చింది. రాత్రంతా అంగడి ముందరే పడుకోనున్న వీళ్ళని చూసి నెత్తీ నోరూ బాదుకుంది. "అక్కా, నా పాపం! మనవరాలు పుట్టిందక్కా, ఆ సంబరంలో మీ మూట మాటే మరిచా." చెంగమ్మ ఏమన్నాదంటే, "బిడ్డా తల్లీ బాగుండారా? అది చెప్పు ముందు." చూడండి, ఆమె ఎట్టాంటి మనిషో! మస్తానమ్మకి కళ్ళనీళ్ళు తిరిగినాయి. టీ తాగతా ఉండిన కాలేషా అనే కారు డ్రైవరు కాడికి పోయి, నువ్వు కాకినాడకి ఖాళీగానే పోతావు గదరా, మా అక్కకి గోదారి చూపించి రాజమండ్రిలో దించు అన్నాది. "ఎక్కండి పెద్దమ్మా, ముందు సీట్లో కూర్చోండి, బాగా కనపడుద్ది" అన్నాడు కాలేషా. పెంచలయ్య వేలు ముడిచి లెక్కేసి, "ఈరోజు బుధవారం, ఇదీ ఉత్తరం శూలే" అని గొణిగాడు. చెంగమ్మ చూసిన చూపుకి గమ్మున ఎక్కాడు.

గోదారి కాడికి చేరేసరికి పొద్దు వాలతా ఉంది. కాలేషా వంతెన మీద బండిని మెల్లగా పోనిచ్చాడు. నది మొత్తం పండు మిరపకాయ రంగు. పడవలు, వాటి వెనక గీతలు. చెంగమ్మ అద్దంలోంచి చెయ్యి బయటపెట్టింది, గాలిని పట్టుకోనున్నట్టు. పక్క వంతెన మీద రైలొకటి పోతా ఉంటే కాలేషా అన్నాడు, "పెద్దమ్మా, మీరు పోవాల్సిన రైలు ఈ నది దాటేది చిమ్మచీకట్లో. కిటికీలోంచి మీకు కనపడేది మీ మొహమే." ఎవరికీ తట్టలా ఆ మాట! దిక్కులు చూశారు, వారాలు చూశారు, ఊళ్ళు చూశారు, వెలుగుంటదా అని ఒక్కరూ చూడలా. వెంటనే పెంచలయ్యకి ప్రాణం లేచొచ్చింది. "చూశావామే, పరస్థానం పెట్టబట్టే గదా!" అన్నాడు. "నోరు మూసుకొని నీళ్ళు చూడయ్యా" అని, ఆమె రెండు చేతులెత్తి నదికి దండం పెట్టింది, పక్కకి తిరిగి కాలేషాకి పెట్టింది. పిల్లోడు సిగ్గుపడి, అయ్యో, పెద్దోళ్ళు పెట్టకూడదు అన్నా వినలా.

అన్నవరం పోలేదు. చాల్లే, పగటి బస్సులో ఇంటికి పోదాం, దారంతా చూసుకుంటా పోతా అన్నాదంట. ఇప్పుడామెకి ఏమీ కనపడదు. ఎవరన్నా అయ్యో అంటే తిడద్ది. "నాకేం తక్కువ? ముక్కూ మొహం తెలియనోళ్ళు నాకు గోదారి చూపించారు" అంటది. మా ఊళ్ళో ఎవరు ఏ ఊరికి పయనం కట్టినా ఆమె కాడికి పోయి చెప్పి పోతారు. ఏ రోజు పోవాలో పెంచలయ్య చెబుతాడు, అది మీ ఇష్టం, విన్నా వినకపోయినా ఒకటే. ఆమె మాత్రం అందరినీ ఒకటే అడగద్ది, నది కాడికి ఏ వేళకి చేరతారు అని.