కొత్త చొక్కా మానేసిన జేవియర్ గారు

ఏంటీ, ఏడాదంతా కొత్త గుడ్డే కొనవా? పార్లరూ లేదు, పౌడరూ లేదు? ఎవరు పెట్టారమ్మా మౌనికా నీకీ మొక్కు? ఫోన్లోనా! ఫోన్లో ఇలాంటివి కూడా చెప్తన్నారా, నేనింకా కొనమని పోరే సామానే అనుకున్నాను దాన్ని. మంచిదే తల్లీ, మంచిదే. ఆ పాత డ్రెస్సు ఇలా ఇయ్యి చూద్దాం. నడుం దగ్గర వొదులు చెయ్యాలి, అంతేగా. ఇదెవడు కుట్టాడో గానీ బుద్ధిమంతుడు, లోపల గుడ్డ వొదిలాడు. వొచ్చేస్తది. కూచో, ఆ స్టూలు మీది కత్తెర తీసి కూచో. పని లేకపోతే ఒక ముచ్చట చెప్తాను. ఇలాగే మానేసిన మనిషి ఈ యానాంలో ఒకాయన ఉండేవారు, జేవియర్ గారని. నీకేం తెలుస్తాది, మీ నాన్న గణేష్‌కే లీలగా గుర్తుండాలి. నలభయ్యేళ్ళ పైమాట. అప్పటికి నాకింత చత్వారం లేదు, సూదిలో దారం చీకట్లో కూడా ఎక్కించేవాణ్ణి. సరే, నా గోల ఎందుకులే.

జేవియర్ గారంటే గవర్నమెంటాఫీసులో గుమాస్తా. ఫరంపేటలో సొంతిల్లు. పిల్లల్లేరు. ఆయనా, ఆయన భార్య తెరేజమ్మ గారూ, అంతే. మనిషి ఏమంత ఎత్తరి కాదు, రంగూ చామనఛాయే. కానీ తయారయ్యారా, ఆయ్, పని ఆపుకుని చూడాల్సిందే. నెలకో చొక్కా కుట్టించేవారు నా దగ్గర. గుడ్డ కాకినాడ నించి తెచ్చుకునేవారు, పాండిచ్చేరి ఎవరన్నా ఎళ్తన్నారంటే వాళ్ళ చేత తెప్పించుకునేవారు. "అమ్మన్నా, కాలరు మెడని పట్టుకోవాలి గానీ పిసక్కూడదు" అనేవారు. "ఫేంటు మడత మీద చీమెక్కితే కాలు జారి పడాలోయ్" అనేవారు. జుట్టుకి నల్లరంగు, దాని మీద వాసన నూనె, మొహానికి స్నో, జేబురుమాలుకి సెంటు. సాయంత్రం అయిదున్నరయ్యేసరికి ఇంట్లోంచి బయల్దేరి గోదారి గట్టు మీద రేవు దాకా నడిచి తిరిగొచ్చేవారు. ఒక్కరే. పక్కన ఎవరన్నా కలుస్తామంటే వొప్పుకునేవారు కాదు. "ఇద్దరైతే చూసేవాళ్ళు ఎవర్ని చూడాలో తెలీక తికమకపడతారు" అనేవారు, నిజంగా అనేవారమ్మా, నవ్వులాటకి కాదు. మెట్టకూరు నించి సైకిళ్ళ మీదొచ్చేవాళ్ళు కాలు కింద పెట్టి మరీ చూసేవారు. నాకు మటుకు ఆయన దేవుడు. ఆయన వొంటి మీద చొక్కా చూసి పదిమంది నన్ను వెతుక్కుంటా వొచ్చేవారు. మా ఆవిడ కామేశ్వరి ఉండేదే, "మనింట్లో దీపం జేవియర్ గారి వీపు మీద వెలుగుతోంది" అనేది. దాని మాటలు అలాగే ఉండేవి.

అలాంటి మనిషి ఒక ఏడాది జనవరి నించి కొట్టుకి రావడం మానేశారు. ఒక నెలయింది, రెండో నెలయింది. ఏమన్నా వొంట్లో బాలేదేమో అనుకున్నాను. ఆఫీసుకి ఎళ్తన్నారు. ఊరెళ్ళారేమో అనుకున్నాను. సాయంత్రం గట్టు మీద నడుస్తన్నారు. పాత చొక్కాలే తిప్పి తిప్పి వేస్తన్నారంట, జుట్టుకి రంగు లేదంట, సెంటు లేదంట. ఇంక చూస్కో, ఊరు ఊరుకుంటదా? సన్యాసుల్లో కలుస్తారంట అన్నారొకళ్ళు. డాక్టరు సెంటు పడదన్నాడంట అన్నారు ఇంకొకళ్ళు. ఎవరో జాతకం చెప్పారు, అరవైలోపు సోకు చేస్తే గండం అన్నారంట అని మరొకళ్ళు. క్రిస్టియన్ మనిషికి జాతకం ఏంట్రా అంటే, "ఏమో, గండానికి మతముంటాదా" అన్నాడు వాడు. నా అనుమానం నాది. ఈయన కాకినాడలో ఇంకో దర్జీని మరిగారు, కొత్తవి దాచి పెట్టుకుని నా మీద మొహమాటానికి పాతవి తొడుక్కు తిరుగుతున్నారని. నవ్వకు. అప్పట్లో మొగుడు ఇంకో దాన్ని ఉంచుకున్నాడని తెలిసిన ఆడమనిషి కన్నా ఎక్కువ బాధపడ్డాను నేను. అన్నం సయించలేదు.

ఉండబట్టలేక ఒక ఆదివారం, వాళ్ళ చర్చి గుళ్ళో పూజ అయ్యాక, టేపు మెళ్ళో వేసుకుని వాళ్ళింటికే ఎళ్ళిపోయాను. ఈస్టరొస్తోంది గదా, కొలతలు తీసుకుందామని వొంక. తలుపు ఆయనే తీశారు. తల చూసి గతుక్కుమన్నాను. పాపిడికి రెండు పక్కలా వేలెడు వెడల్పున తెల్లగా, కింద నల్లగా, అచ్చం మసిబారిన గిన్నె సగం తోమి వొదిలేసినట్టుంది. "రావోయ్ అమ్మన్నా, నువ్వొస్తావని తెలుసు" అని లోపలికి పిలిచి, టేబులు మీద ఫొటోలు పరిచారు. తొమ్మిది ఫొటోలు. ఆలుమగలిద్దరూ ఏటా క్రిస్మస్‌కి స్టూడియోకెళ్ళి దిగిన ఫొటోలన్నమాట. ఆ రోజుల్లో ఫొటో స్టూడియో వెంకటేశ్వరరావని ఉండేవాడు, చేతిలో పనితనమున్న మనిషి. వాడు ఆ డిసెంబర్లో ఈ తొమ్మిదీ వరసగా అద్దాల పెట్టెలో, రోడ్డు మీదికి కనపడేలా పెట్టాడంట. ఫొటోకి నిలబడ్డమంటే ఇలాగుండాలని జనం చూసి నేర్చుకుంటారని. పెట్టి, జేవియర్ గార్ని పిలిచి చూపించాడంట. ఈయన పొంగిపోయి చూసుకుంటా నిలబడ్డారు. ఇంతలో చేపల సత్యవతమ్మ లేదూ, నీకెక్కడ తెలుసులే, తట్ట నెత్తిన పెట్టుకుని అటు పోతా పోతా ఆగి చూసి, "ఏవయ్యా ఫొటోల బాబూ, తెరేజమ్మ గారిది ఒక్క ఫొటోనే తీసి తొమ్మిదింట్లోనూ అతికించేసేవా ఏంటి?" అందంట. అని ఎళ్ళిపోయింది. దానికేం తెలుసు ఏం కొంపలంటించిందో.

నాకు చూపించారు ఆయన. నేను ముందు నా కటింగే చూసుకుని మురిసిపోతన్నాను, సిగ్గు లేదు. "నన్ను కాదోయ్, పక్కన చూడు" అన్నారు. చూశాను. తొమ్మిది ఫొటోల్లో తొమ్మిది రకాల జేవియర్ గార్లున్నారు. పక్కన ఒకటే తెరేజమ్మ గారు. అదే చీర. నలుపు తెలుపు ఫొటోలే గానీ అంచు మీద హంసలు స్పష్టంగా తెలుస్తన్నాయి. ఆఖరి ఫొటోలో ఒక హంస మెడ దగ్గర రఫూ చేసిన చోటు కూడా నా కంటికి దొరికింది, దర్జీ కన్ను గదా. "రోజూ అద్దంలో నా భుజం వెనకాల ఆవిడ కనపడుతూనే ఉంటుందోయ్. అయినా చూళ్ళేదు. ఎలా చూళ్ళేదంటావ్?" అని నన్నడిగారు. ఆ మర్నాడే కాకినాడ ఎళ్ళి ఆవిడకి మూడు చీరలు పట్టుకొచ్చారంట. ఆవిడ తీసుకుని, మడత విప్పకుండా ట్రంకు పెట్టెలో పెట్టేసి, "అలవాటు లేదండీ" అందంట. ఇంక ఈయనకి పంతం. "ఆవిడ కొత్త చీర కట్టేదాకా నేను కొత్త చొక్కా తొడగను. రంగు లేదు, స్నో లేదు, సెంటు లేదు. నీ పొట్ట కొడుతున్నాను, ఏమనుకోకు అమ్మన్నా" అన్నారు. నేను కళ్ళు తుడుచుకుని వొచ్చేశాను. కాకినాడ దర్జీ లేడని సంతోషమో, మరేంటో తెలీదు గానీ కళ్ళు తుడుచుకున్నాను.

అక్కడితో ఆగితే చెప్పుకోడానికేముంది. ఆయన ఈ సంగతి దాచుకోలేదమ్మా. ఆఫీసులో చెప్పారు, మంగలి షాపులో చెప్పారు, రేవు దగ్గర పడవ కోసం నిలబడ్డవాళ్ళకి కూడా చెప్పారు. "ఆహా, మొగుడంటే అలాగుండాల"ని ఊళ్ళో ఆడాళ్ళంతా వాళ్ళ మొగుళ్ళకి అప్పచెప్పడం మొదలెట్టారు. గుళ్ళో ఫాదరు గారు పేరు ఎత్తకుండా ప్రసంగంలో చెప్పారంట కూడా. ఈయన సాయంత్రం నడక మాత్రం మానలేదు. అదే అయిదున్నర, అదే గట్టు, అదే ఒక్కరూ. ఇదివరకు చొక్కా చూసే జనం ఇప్పుడు చిరుగు చూస్తన్నారు, అంతే తేడా. ఒకరోజు కొట్టుకొచ్చారు, కాలరు అరిగిపోయింది, తిప్పి కుట్టమని. సరే, తిప్పి కుట్టేస్తే ఎవరికీ తెలీదండి, కొత్తదానిలా ఉంటాదన్నాను. గొంతు తగ్గించి, "మరీ అంత తెలీకుండా ఎందుకులే, దారం కొంచెం వేరే రంగు వెయ్యి" అన్నారు. నాకప్పుడు కూడా బుర్రకెక్కలేదు. దండం పెట్టి అలాగే కుట్టిచ్చాను.

బుర్రకెక్కించిన మనిషి వేరే వొచ్చింది. మంచి ఎండలో, మధ్యాన్నం, నేను అన్నం తిని కునికిపాట్లు పడుతుంటే గుమ్మంలో నీడ పడింది. తెరేజమ్మ గారు. పాతికేళ్ళ కాపరంలో ఆవిడ నా కొట్టు గుమ్మం ఎక్కడం అదే మొదటిసారి. మాట కూడా వినలేదు నేను అప్పటిదాకా, గొంతు బొంగురుగా ఉంటాదని తెలీదు. కూచోమంటే కూచోలేదు. "అమ్మన్నా, ఆ రంగు దారం నువ్వే వేశావా?" అంది. అవునమ్మగారూ, అయ్యగారే చెప్పారన్నాను. "ఆయన చొక్కాలు మానేశారు గానీ అద్దం మానలేదు అమ్మన్నా. ఇదివరకు మడత సరిగ్గా ఉందా లేదా అని చూసుకునేవారు. ఇప్పుడు చిరుగు సరిగ్గా కనపడుతోందా లేదా అని చూసుకుంటన్నారు. ఇదీ ఒక సోకే కదా" అంది. నిన్నంటం లేదమ్మా మౌనికా, నువ్వలా చూడకు. ఆవిడ అన్నమాట చెప్తన్నాను. ఊరుకోవచ్చుగా నేను, ఊరుకోలేక, తొమ్మిదేళ్ళూ ఆ హంసల చీరే ఎందుకు కట్టుకున్నారమ్మా అనడిగాను. "ఆయన పక్కన నిలబడితే నన్నెవరు చూస్తారని. ఏది కట్టుకుంటే ఏంటి" అంది. కోపంగా అన్లేదు, వంటింట్లో ఉప్పు అయిపోయిందని చెప్పినట్టు చెప్పింది. "ఆయన తయారవుతుంటే నాకు చూడ్డం ఇష్టమే. నాకు ఇంట్లో ఉన్న కాసంత సంబరం అదే. అది కూడా తీసేశారు. తీసేసి నా మెడకి చుట్టారు. ఇప్పుడు బజార్లో ప్రతి మనిషీ నన్నే అడుగుతారు, కట్టెయ్యరాదా తల్లీ ఒక కొత్త చీర, ఆయన్నెందుకు ఏడిపిస్తావని. నాకు చీర కావాలని ఎవరు చెప్పారు?" అంది. మరేం కావాలమ్మగారూ అన్నాను. ఆవిడ నా మొహంలోకి చూసి, "అడగాల్సింది నువ్వు కాదుగా" అని కొంగు నెత్తి మీదికి లాక్కుని ఎండలో పడి ఎళ్ళిపోయింది.

ఆ సాయంత్రం నేను కొట్టు కట్టేసి గట్టు మీద కాపేశాను. ఆయన వొస్తన్నారు, ఆ రంగు దారం కాలరేసుకుని. ఎదురెళ్ళి, అయ్యగారూ, అమ్మగారికి చీర కాదంటండీ, ఏం కావాలో మీరు అడగలేదంటండీ అనేశాను. మొహం ఎర్రబడిపోయింది. "నువ్వు కుట్టుకునేవాడివి కుట్టుకో" అన్నారు. అలా ఎప్పుడూ అన్లేదు నన్ను. రేవు దాకా కూడా ఎళ్ళలేదు, అక్కణ్ణించే వెనక్కి తిరిగిపోయారు. మర్నాడు నడకకి రాలేదు. ఆ మర్నాడూ లేదు. వారం రోజులు గట్టు మీద మనిషి లేడు. సైకిళ్ళోళ్ళు నన్నడుగుతున్నారు. నేను మా కామేశ్వరితో, నోరు జారి ఆలుమగల్ని విడగొట్టేశానే అని ఒకటే ఏడుపు. అది మాత్రం, "వాళ్ళు కలిసి ఉన్నారని నీకెవరు చెప్పారు, విడగొట్టడానికి" అంది. చదువుకోలేదు గానీ, చదువుంటే అది జడ్జీ అయ్యేది.

వారం తిరిగాక, సాయంత్రం, అందరం చూస్తుండగా వొచ్చారమ్మా. ఇద్దరు. జేవియర్ గారు గోదారి వైపు, ఆవిడ ఈ పక్కన. ఆయనేదో మామూలు చొక్కా వేసుకున్నారు, పాత రంగంతా పోయేలా జుట్టు కత్తిరించేసుకున్నారు, తలంతా తెలుపే. ఆయన పెద్ద అంగలేసే మనిషి, అలవాటు చొప్పున ముందుకెళ్ళిపోయి, మళ్ళీ గుర్తొచ్చి ఆగి, ఆవిడ వొచ్చేదాకా నిలబడి మళ్ళీ నడుస్తన్నారు. మొదటి రోజు అలా ఎన్నిసార్లు ఆగారో. జనం చూశారు, రెండు రోజులు చూశారు, మూడోరోజుకి మానేశారు. చూడ్డానికేముంది, ముసలి మొగుడూ పెళ్ళాం నడుస్తన్నారు, అంతేగా. ఆవిడ ఏ చీర కట్టిందంటావా? ఇదిగో, అదే చెప్తన్నాను, నేను చూళ్ళేదు తల్లీ! దర్జీనయ్యుండి, ఆ చీర కోసం అంత రామాయణం జరిగాక, హంసలదో కొత్తదో నాకు పట్టనే లేదు. ఆవిడ మాట్లాడతాంది. అది చూస్తా నిలబడిపోయాను.

తర్వాత కూడా కుట్టించుకున్నారులే, ఏడాదికి రెండు, ఒకటి క్రిస్మస్‌కి. గుడ్డ ఆవిడే తెచ్చేది. ఆయనకి నప్పేది నాకన్నా ఆవిడకే బాగా తెలుసు, ముదురు నీలం తెచ్చింది ఒకసారి, ఆ తెల్లజుట్టు మీద, అబ్బ. ఏడేళ్ళు నడిచారు అలాగ. తర్వాత ఆయన జొరమొచ్చి పోయారు, నాలుగు రోజుల జొరం. ఆవిడ అడవిపొలం ఊళ్ళో చెల్లెలి దగ్గరకెళ్ళిపోయింది, ఆవిడా పోయింది. నాకొక్కటే ఇప్పటికీ అంతుపట్టదు. అంత మాట్లాడకుండా ఉన్న మనిషి ఏడేళ్ళపాటు రోజూ ఏం మాట్లాడింది? ఒకసారి సిగ్గు విడిచి వాళ్ళ వెనకాలే నడిచాను కూడా, చెప్పులు చేత్తో పట్టుకుని. గాలి ఎదురు కొడతాంది, ఒక్క ముక్క వినపడలేదు. ఆయనేదో అడుగుతారు, ఆవిడ తల అడ్డంగా ఊపుతాది. మళ్ళీ అడుగుతారు, మళ్ళీ ఊపుతాది. అడిగి అడిగి రేవు దగ్గర ఆగిపోయారు. అప్పుడావిడ చెయ్యెత్తి గోదారి అవతలికి చూపించి ఏదో అంది, ఆయన చుట్టూ ఎవరున్నారో కూడా చూసుకోకుండా, అటే చూస్తా వింటా నిలబడిపోయారు...

చినుకులా అవి? ఆ గుమ్మంలో తగిలించిన బట్టలు లోపలికి లాగు తల్లీ, తడిసిపోతాయి.