అతుకు కనిపించని నేల

కంటి ఆపరేషన్ అయ్యాక ఆమె మళ్ళీ కంప్యూటర్ ముందు కూర్చున్న మొదటి ఉదయం అది. వీడియో గేముల్లో గదులకు నేలలు తయారుచేయడం ఆమె పని. వంటింటి రాతి నేలను ఫోటో తీసి, పక్కపక్కన పేర్చి ఎంత దూరమైనా పరచగలిగే టైల్ బొమ్మగా మారుస్తోంది. వదిన కుర్చీ లాక్కుని పక్కనే కూర్చుంది.

"మధ్యలో ఈ గీతేమిటి?"

"ఫోటోని సగానికి జరిపాను వదినా. టైళ్ళు పేరిస్తే ఒకదానికొకటి తగిలే అంచులు ఇలా మధ్యకొచ్చాయి. పక్క రాతి రంగు తెచ్చి అద్దితే ఆ అతుకు పోతుంది."

"కన్ను లాగితే ఆపెయ్. ఈ ఉద్యోగం కాకపోతే ఇంకోటి."

"నాకు మనసున్నది దీనిమీదే. సోమవారం ఆఫీసుకొస్తానని చెప్పేశాను."

"నన్నడక్కుండానే?"

"అడిగితే వద్దంటావుగా."

వదిన మూతి ముడుచుకుంది కానీ లేవలేదు. ఆమె గీత మీద మెల్లగా రంగు అద్దుకుంటూ పోయి, చివరికి ఆ టైల్‌నే తెరంతా పరిచింది.

"ఇప్పుడు వెతుకు, అతుకుందేమో."

"ఎక్కడా లేదు. అచ్చం మన వంటిల్లే. ఇక చాలు, పంపించెయ్."

ఆమె తెర మీదికి వంగింది. ఒక్కో టైలూ చూసుకుంటూ పోయింది.

"ఆగు వదినా. ఈ బూడిదరంగు మచ్చ ప్రతి టైల్‌లోనూ ఒకేచోట వస్తోంది, అంతా ఒకే ఫోటో అని తెలిసిపోతుంది. ఇక్కడ, ఇక్కడ, అదిగో ఆ మూలన."

"ఏ మచ్చ? నాకేం కనిపించట్లేదే."

"నాకు కనిపిస్తోంది."

వదిన తెరను వదిలేసి ఆమె ముఖంలోకి చూసింది.

"నా కళ్ళకంటే నీ కన్నే నయం. సోమవారం ఆఫీసుకి నేనే దింపుతాలే. ముందు ఆ మచ్చ సంగతి చూడు."