కట్టిన చేతులు

నేను ఫిర్యాదు ఇచ్చినామె తమ్ముడి భార్యను. వయసు ముప్పై నాలుగు. ఇంట్లో మిషను పెట్టుకుని బట్టలు కుడతాను. ఎవరూ బెదిరించకుండా, నా అంతట నేనే చెబుతున్నాను.

నా భర్త లేత్ మిషను మీద పనిచేస్తాడు. ఆయనకు నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొర ఏటేటా పలచబడి, ముందుకు పొడుచుకొస్తోంది. కళ్లు నలపడం చిన్నప్పటి అలవాటు. దానివల్ల జబ్బు ముదిరిందని డాక్టరు అన్నారు. ఎడమ కంట్లో చుక్కలు వేసి, లైటు పెట్టి పొరను గట్టిపరిచారు. కుడి కంటి పొర దానికి తట్టుకోలేనంత పలచబడిపోయింది. లోపల రింగులు పెట్టినా నిలవవన్నారు. చనిపోయినవారి కంటి పొర తెచ్చి వేయడం ఒక్కటే దారి అన్నారు. వేశారు. పదహారు కుట్లు పడ్డాయి.

"నీకంటే సన్నగా కుట్టాడే ఆ డాక్టరు. వెళ్లి పని నేర్చుకో" అని నన్ను ఆటపట్టించాడు.

నలిపితే కుట్లు తెగుతాయని డాక్టరు మరీ మరీ చెప్పారు. మెలకువలో నలిపేవాడు కాదు. నిద్రలో కంటి మీది ప్లాస్టిక్ మూత పీకేసేవాడు. "నా చేతులు కట్టెయ్యవే. నిద్దర్లో నా మాట నేనే వినను" అన్నది ఆయనే. లైనింగు గుడ్డ పీలికలతో రెండు చేతులూ కలిపి, ముఖం దాకా లేవకుండా నడుముకు కట్టాను. మొదట లాగితే ఊడే ముడి వేశాను. నిద్రలో ఊడదీసుకున్నాడు. "గట్టిగా వెయ్యి" అన్నాడు. గట్టిగా వేశాను.

మంగళవారం మధ్యాహ్నం తిని పడుకున్నాడు. కట్టాను. కంటి చుక్కలు అయిపోయాయి, తలుపు దగ్గరగా వేసి మందుల షాపుకు వెళ్లాను. అప్పుడే వదిన చూడడానికి వచ్చి, బయటినుంచి "తమ్ముడూ" అని పిలిచిందట. ఆయన నిద్రమత్తులో లేచాడు. మిషను వైరు కాలికి తగిలి, మిషను బల్ల అంచు మీద ముఖం పెట్టి పడ్డాడు. చేతులు ఖాళీగా ఉంటే ముందు చేతులు ఆనేవి.

నేను వచ్చేసరికి వదిన నేల మీద కూర్చుని ముడి విప్పుతోంది. రావడం లేదు. కత్తెరతో నేనే కత్తిరించాను.

"మా తమ్ముణ్ణి గొడ్డును కట్టేసినట్టు కట్టేశావా?" అంది.

ఆమె మీద నాకు కోపం లేదు. తోడబుట్టింది, కడుపు మండుతుంది. కుట్లు తెగిపోయాయి. ఆపరేషను చేసి మళ్లీ కుట్టాలన్నారు, కానీ ఆ కంటికి ఇక చూపు రాదన్నారు. తానే కట్టమన్నానని ఆయన చెప్పాడు. పెళ్లాన్ని వెనకేసుకొస్తున్నాడని ఆమె నమ్మలేదు.

నిన్న సాయంత్రం ఆసుపత్రికి వెళ్లాను. రెండో ఆపరేషను మత్తులో కంటి కట్టు పీక్కుంటున్నాడని నర్సులు ఆయన చేతులు మంచానికి కట్టారు. వదిన పక్కనే ఉంది. ఒక ముడి వదులైంది. ఆమే బిగించింది.

రాసింది నాకు చదివి వినిపించారు. నేను చెప్పిందే ఉంది, కల్పించింది ఏమీ లేదు. ఒప్పుకుని సంతకం పెడుతున్నాను.

(సంతకం)