బండి పెట్టే జాగా

గల్ఫ్‌లోని అల్ మవాలే, 1993 జూన్, మిట్టమధ్యాహ్నం. ఒక విల్లా గ్యారేజీ. షట్టర్ ఎత్తి ఉంది. వాకిట్లో కంపెనీ క్యాంప్ బాస్ సర్దార్, వెల్డర్ లింబాద్రి. లోపల చాప మీద జ్వరంతో ఇస్తారి.

"బలదియాకు, మున్సిపాలిటీ ఆఫీసుకు పోయినావా? నువ్వా? ఎవుర్ని అడిగి పోయినావు రా?"

"ఎవ్వల్నడగాలె సర్దార్ భాయ్? నిన్నడిగి అడిగి నోరు నొచ్చింది."

"ఆడ ఏం చెప్పినావు?"

"షట్టర్ ఖరాబైంది, తీసేసి తలుపు పెట్టుకుంటం, పర్మిట్ కావాలె అన్న. గంతే."

"గంతే అంట! పర్మిట్ ఇయ్యాలంటే వాళ్లు వచ్చి లోపల చూస్తారు. తెలుసా నీకు?"

"తెల్సు. తలుపు రోడ్డు మీదికి తెరుసుకోవద్దట, మాలిక్, మన అర్బాబ్ సంతకం కావాలెనట, మనిషొచ్చి లోపల చూస్తడట. తలుపు నేనే వెల్డింగ్ చేస్త, నీకేం పోయింది?"

"ఏం పోయిందా? లోపల ఏముండాది చూడనీకి? చాపలు, స్టవ్వు, మీ లుంగీలు! బలదియా లెక్కలో ఇది బండి పెట్టే జాగా. మనుషులుండారని తెలిస్తే అర్బాబ్‌కు కేసు. నా ఉద్యోగం పాయె."

"నీ ఉద్యోగం! గీ షట్టర్ మొత్తం పడ్డదంటే లోపల్నుంచి లేవది. బయట గడ్డపార పెట్టి లేపాలె. అందుకే కింద ఇటుక పెట్టుకొని పండుకుంటున్నం. మొన్న ఇటుక జారింది. ఇస్తారి ఊపిరాడక పడిపోయిండు."

"షట్టర్ దించకుండా పండుకోండి."

"దించుమన్నదే నువ్వు! రోడ్డు మీద పోయేటోళ్లకు కనపడొద్దని."

"సరే, చాలించు. ఎప్పుడొస్తాడంట ఆ మనిషి?"

"గియ్యాలనే. నమాజ్ అయినంక."

"ఈ పొద్దా! అదిగో... తెల్ల పికప్. ఇటే తిరుగుతాండాది. చాపలు లోపలెయ్! చెప్పులు! ఆ చెప్పులు తియ్ రా!"

"నేన్ తియ్య."

"వీసా కొట్టేయించి పంపిస్తా. ఊర్లో ఏం తింటావో చూస్తా."

"పంపు."

"జరుగు, నేనే తీస్తా. లోపలికి జరుగు!"

"భాయ్, షట్టర్ ముట్టకు. గుంజకు, కింద ఇటుక లేదు! భాయ్!"

"ష్! షట్టర్ పడింది, నోరు మూసుకో. మూసుండేది చూసి వాడే పోతాడు."

"కొడుతున్నడు."

"కొట్టనీ. మాట్లాడొద్దు."

"ఇస్తారి గస పెడుతున్నడు."

"కొంచేపు ఓర్చుకోమను. ఆ... పోతాండాడు. పోతాండాడు. అల్లా దయ. ఊ, పట్టు. ఎత్తు. ఎత్తు రా!"

"లేవది. చెప్పిన గద."

"గడ్డపార యాడ?"

"బయట."

"బయట ఎవురుండారు?"

"ఎవ్వల్లేరు. అందరు డ్యూటీకి పోయిండ్రు. వాళ్లను తెచ్చే ఖమరుద్దీన్ బండి బహ్లా సైట్ నుంచి వచ్చేసరికి పొద్దుగూకుతది."

"అంతసేపు ఈ ఉక్కలో..."

"మనం ఉంటమేమో. ఇస్తారి ఉండడు. చెయ్యి పట్టి చూడు."

"యా అల్లా! పెనం లెక్క కాలిపోతాండాడు. ఇస్తారీ! ఒరే ఇస్తారీ! పలకడేమి రా?"

"పికప్ స్టార్టయింది భాయ్."

"సదీఖ్! ఓ సదీఖ్, దోస్త్! పోవద్దు! ఇది బండి పెట్టే జాగా కాదు! లోపల మనుషులుండాం! సదీఖ్, మనుషులం!"