నల్ల కారు తలుపు మీది తిన్నని గీతలు

ఈ షెడ్డు మొత్తానికి ఉన్న ఒకే ఒక్క మెత్తటి కుర్చీలో అధ్యక్షులుగా కూర్చున్న మేనేజరుగారికి, పూలదండ బరువుకి కాస్త ముందుకి వంగిన మా మేస్త్రిగారికి, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని ఎవరి వంకా చూడకుండా కూర్చున్న ఆయన ఇల్లాలు మా పిన్నిగారికి, స్టోరు బాబాయికి, పాలిషు మిషను తిప్పే గిర్రన్నకి, కడిగేవాళ్ళకీ, తుడిచేవాళ్ళకీ, టీ ఇస్తారని వచ్చినవాళ్ళకీ అందరికీ నమస్కారం.

(నవ్వులు)

నవ్వకండి, నవ్వించడానికి నేను రాలేదు. నాకు ఉపన్యాసాలు రావు. చదువు ఎనిమిదితో ఆగిపోయింది, తర్వాత నేర్చుకున్నదంతా ఈ షెడ్డులో కళ్ళప్పగించి చూసి నేర్చుకున్నదే, ఈ కాగితం కూడా నిన్న అన్నం తినే అరగంటలో నీళ్ళ డ్రమ్ము మీద పెట్టి రాసుకున్నదే. మేస్త్రిగారి గురించి నాలుగు మాటలు మాట్లాడాలని మేనేజరుగారు చెప్పగానే నాకు సంతోషం కలగలేదు, అనుమానం కలిగింది. ముప్ఫై ఒక్క ఏళ్ళు పనిచేసిన మనిషిని సాగనంపడానికి ఇంతమంది పెద్దవాళ్ళుండగా, మూడు నెలలుగా టైర్ల బురద కడుగుతున్న నన్నే ఎందుకు పిలిచారు? అదే అడిగితే, నీ పేరు ఆయనే ఇచ్చారమ్మా అన్నారు సారు. అంతే, అనుమానం రెండింతలైంది. నాలుగు మంచిమాటలు నా చేతే చెప్పించుకుంటే ఇక జన్మలో నోరెత్తదనుకున్నారా మేస్త్రిగారూ?

(మేస్త్రిగారు దండ సర్దుకున్నారు.)

సరే, మంచిమాటలతోనే మొదలుపెడతాను. ఉన్నవి లేవనడం నాకు చేతకాదు.

పిన్నిగారికీ, ఆవిడ తరఫు వాళ్ళకీ మా పని తెలియకపోవచ్చు. కారుని ఎంత బాగా కడిగినా, ఎంత తళతళలాడినా, దాని మీద అరచెయ్యి పెట్టి జరిపితే గరగరమంటుంది. రోడ్డు మీది తారు, బ్రేకుల్లోంచి రాలే ఇనప రజను, చెట్ల జిగురు, ఇవన్నీ రంగుని కరుచుకుని ఉంటాయి. సబ్బుకి లొంగవు. వాటిని లాగడానికి బంకమట్టి లాంటి ముద్ద ఒకటుంది. దాన్ని క్లే అంటారు, మేము ముద్ద అంటాం. రంగు మీద జారుడు మందు కొట్టి, ముద్దని పిసికి బిళ్ళలా చేసి, నాలుగు వేళ్ళ కింద పెట్టి, బరువు వెయ్యకుండా తిన్నగా ముందుకీ వెనక్కీ జరపాలి. గుండ్రంగా తిప్పకూడదు. మొదట ముద్ద పట్టి పట్టి నడుస్తుంది, మురికి వదిలాక వెన్న మీద వేలులా జారిపోతుంది. ఆ తేడా కంటికి తెలియదు, వేలికే తెలుస్తుంది. ముద్ద నల్లబడగానే మడిచి శుభ్రమైన వైపు పైకి తెచ్చుకోవాలి. ఇదంతా చేశాకే పాలిషు, ఆ తర్వాతే మైనం. ఇక్కడ తప్పితే ఆ రెండూ బూడిదలో పోసిన పన్నీరే.

ఇందులో ఒక కట్టుబాటుంది, అది మేస్త్రిగారు పెట్టిందే. ముద్ద నేల మీద పడిందా, ఇక అది ముద్ద కాదు, చెత్త. ఆ నిమిషమే సీలు తీసిన కొత్తదైనా సరే. పడేసుకున్నవాళ్ళు షెడ్డంతా వినపడేలా "పడింది" అని అరిచి, దాన్ని డబ్బాలో పారేసి, స్టోరు బాబాయి దగ్గర ఇంకొకటి తెచ్చుకోవాలి. ఎవరూ తిట్టరు. నేను మొదటి వారంలో ఏడుసార్లు పడేశాను, బాబాయి లెక్కపెట్టుకున్నాడు కూడా.

(నవ్వులు. 'ఎనిమిది' అని స్టోరు బాబాయి గొంతు)

ఎనిమిదోది నువ్విచ్చేటప్పుడు నీ చేతిలోంచే పడింది బాబాయ్. ఒకసారి మాత్రం సిగ్గేసి అరవలేదు, గబుక్కున తీసి మడిచేశాను. మేస్త్రిగారు చూశారు. కోప్పడలేదు. ముద్ద నా చేతిలోంచి తీసుకుని, బ్లేడుతో రెండుగా కోసి, లోపల ఆవగింజలో పదోవంతున్న ఇసక రవ్వని చూపించి, "ఇది నీకు కనపడలేదు, కారుకి కనపడేది" అన్నారు. ఆ రోజు ఈయన దగ్గర పని నేర్చుకుంటే చాలు, ఇంకేం అక్కర్లేదనుకున్నాను. ఆ మాట ఇప్పటికీ వెనక్కి తీసుకోను.

ఇక అసలు సంగతి. మూడు నెలల కిందట ఒక నల్ల కారొచ్చింది. నల్ల రంగు చాడీకోరు లాంటిది, దేన్నీ కడుపులో దాచుకోదు. బానెట్టూ టాపూ నేను చేశాను. మధ్యాహ్నం మేస్త్రిగారు వచ్చి, తలుపులు నేను చూసుకుంటాను, నువ్వు డిక్కీ పట్టు అన్నారు. మా దగ్గర కారు ఎవరు మొదలుపెడితే పని కార్డు మీద వాళ్ళ పేరే ఉంటుంది, తర్వాత ఎంతమంది చెయ్యి వేసినా సరే. మర్నాడు కారుని ఎండలోకి తీస్తే వెనక తలుపు మీద జానెడు పొడుగున తిన్నని గీతలు. ఓనరమ్మ అరవలేదు. వేలు పెట్టి చూపించి ఊరుకుంది, అంతకంటే ఆవిడ అరిచుంటే బాగుండేది. సారు కార్డు తీసి నా పేరు చదివారు. తలుపులు నేను ముట్టుకోలేదన్నాను. సారు మేస్త్రిగారి వైపు చూశారు. మేస్త్రిగారు నేల వైపు చూసి, "కార్డులో ఏముంటే అదే" అన్నారు.

ఆ మర్నాటి నుంచి నేను టైర్లు కడిగే బురద గుంట దగ్గర ఉన్నాను. ఆడపిల్ల కదా, పరాకు పడుంటుందిలే అని జాలిపడ్డవాళ్ళూ ఇక్కడే ఉన్నారు. ఎవరో నాకు తెలుసు, తల దించుకోనక్కర్లేదు.

ఈ మూడు నెలలూ నేను చేసిన రెండో పని అనుమానపడటం. పాత ముద్ద ఏదైనా డబ్బాలో కలిసిపోయిందేమోనని స్టోరు బాబాయి అరలన్నీ వెతికాను. "నేనిచ్చింది సీలు తియ్యనిది తల్లీ, నీ నోట్లో మట్టి కొట్టి నాకేమొస్తుంది" అన్నాడు పాపం. గిర్రన్నని అనుమానించాను. అది తెలిసి రెండు వారాలు నాతో మాట్లాడలేదు. అన్నా, నీ మిషను గీత గీస్తే గుండ్రంగా గీస్తుంది, అవి తిన్నని గీతలు, ఆ మాత్రం నేనే ఆలోచించాల్సింది. అందరి ముందూ అంటున్నాను, తప్పు నాది. చివరికి నన్ను నేనే అనుమానించుకున్నాను. అన్నం కంచం అంచు మీద నాలుగు వేళ్ళూ ముందుకీ వెనక్కీ జరుపుతుంటే, ఏమే, కంచానికి కూడా పాలిషు పెడుతున్నావా అంది మా అమ్మ.

తర్వాత ఒకరోజు టీ వచ్చింది. గ్లాసులు కాలిపోతున్నాయి, అందరం చొక్కా అంచులతో పట్టుకుని చేతులు మార్చుకుంటున్నాం. మేస్త్రిగారు మాత్రం గ్లాసుని గుప్పిట్లో పట్టుకుని తీరిగ్గా ఎవరితోనో మాట్లాడుతున్నారు. అరచెయ్యి ఎర్రగా కందిపోయింది, ఆయనకి తెలియలేదు. అప్పుడు నాకు ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. నేను గుంట దగ్గరికి వెళ్ళకముందు ఏడాదిపాటు ఆయన ఏ కారు దగ్గరైనా నన్ను పిలిచి, చెయ్యి పెట్టి చూడు, ఎలా ఉంది అని అడిగేవారు. పరీక్ష పెడుతున్నారనుకుని పొంగిపోయాను. పరీక్ష కాదది. మీ వేళ్ళకి స్పర్శ పోయింది మేస్త్రిగారూ. నా వేళ్ళు వాడుకున్నారు.

(కలకలం)

ఆగండి, ఇంకా ఉంది. ఆ నల్ల కారు రోజు మీ చేతిలోంచి ముద్ద పడింది. తీశారు, మడిచారు, తడిమి చూశారు, ఏమీ తగల్లేదు, రుద్దారు. అంతవరకూ నాకు అర్థమైంది. నాకు అర్థం కానిది ఒక్కటే. కట్టుబాటు పెట్టినవాళ్ళు మీరు. ఎందుకు అరవలేదు? మీ తర్వాత ఈ ముద్ద పనీ పాలిషూ జరిగే పెయింటు గదికి పెద్ద ఎవరన్నప్పుడల్లా నా పేరు వినపడేది, అది గిట్టక నన్ను తొక్కేశారని నా అనుమానం. కాదంటే కాదని చెప్పండి.

(మేనేజరుగారు: "ఇది సందర్భం కాదమ్మా, కూర్చో.")

ఇదే సందర్భం సార్. రేపటి నుంచి ఆయన ఇక్కడ ఉండరు, నేను గుంట దగ్గరే ఉంటాను.

(మేస్త్రిగారు దండ తీసి కుర్చీ మీద పెట్టి లేచారు. "ఆ తలుపు నేనే చేశాను సార్. పిల్ల ముట్టుకోలేదు" అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "ఆ పూట అది మూడోసారమ్మా పడటం. రెండుసార్లు అరిచాను. మూడోసారి అరిస్తే నా చేతులు పోయాయని అందరికీ తెలిసిపోతుందని నోరు నొక్కుకున్నాను. నీ మీద కోపం లేదు. నీ పేరు నేనెందుకిచ్చాననుకున్నావు? నాకుగా నేను లేచి చెప్పలేను, నువ్వైతే ఊరుకోవు" అన్నారు. పిన్నిగారు ఆయన చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు.)

ఇక్కడి నుంచి కాగితంలో ఏమీ లేదు. ఆయన కాదంటారనే అనుకున్నాను, దానికి తగ్గ మాటలే రాసుకొచ్చాను. అవిప్పుడు పనికిరావు.

మేస్త్రిగారూ, మీరు ఒక పూట పరువు కాపాడుకోవడానికి నా మూడు నెలలు తీసుకున్నారు. దాన్ని నేను ఇవాళే క్షమించేశానని ఎవరైనా చప్పట్లు కొడతారేమో, కొట్టకండి. ఇంకా కోపంగానే ఉంది. కోపం చల్లారాక మీ ఇంటికి వస్తాను, ఎప్పుడో తెలియదు.

మేనేజరుగారూ, ఆయన చెప్పింది మీరూ విన్నారు, అందరూ విన్నారు. రేపు ఉదయం ఎనిమిదింటికి నేను పెయింటు గదిలో ఉంటాను. వద్దనేవాళ్ళుంటే ఇప్పుడే, నా మొహం చూసి చెప్పండి.

(మేనేజరుగారు తల ఊపారు.)

తల ఊపితే మర్చిపోతారు సార్, నోటితో అనండి.

("రామ్మా, ఎనిమిదింటికి.")

సరే. పిన్నిగారూ, ఆయన్ని ఈ వారంలోనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. నాకేం లేదు, బాగానే ఉన్నానంటారు. నమ్మకండి. ఏడాదిపాటు నమ్మినదాన్ని చెబుతున్నాను.

ఓపిగ్గా విన్నవాళ్ళకీ, మధ్యలో లేచిపోదామనుకుని ఆగిపోయినవాళ్ళకీ కృతజ్ఞతలు. పనిముట్లు సర్దుకోవాలి, నాకు సెలవిప్పించండి.