ఫిర్యాదుల పేజీ

దర్జీ దుకాణం. కటింగు బల్ల మీద కంప్యూటరు, దాని ముందు కాలేజీ అమ్మాయి. మూలనున్న కుట్టుమిషను మీద దర్జీ. ఇప్పుడే రొప్పుతూ లోపలికొచ్చింది దర్జీ భార్య. నాలుగు కావడానికి ఇంకా గంటన్నర ఉంది. ఆ గంటన్నర తనకి చాలదని కాలేజీ అమ్మాయికి అప్పటికే తెలిసిపోయింది.

"అదంతా నాకు తెలీదు. ముందా పెట్టె ఆపు."

"ఇప్పుడు ఆపకూడదు పిన్నీ, సేవ్ అవుతోంది."

"ఏం సేవో ఏమో! పొద్దున నా మొగుడు నన్ను చూసి ఏమన్నాడో తెలుసా? 'రండి మేడమ్, కొలతలివ్వడానికా, బట్టలు తీసుకెళ్ళడానికా?' అన్నాడు. ఎక్కడనుకున్నావు? మా ఇంట్లో! మా వంటగదిలో!"

"అయ్యో."

"అయ్యో కాదు. నువ్వేం చేశావో చెప్పు."

"ఏమీ చెయ్యలేదు పిన్నీ. నిన్న సాయంత్రం యజమాని వివరాల పేజీ నింపాను, అంతే."

"అందులో నా పేరుందా?"

"'అత్యవసరమైతే ఎవరికి కబురు చెయ్యాలి' అని ఒక గడి ఉంటుంది..."

"ఉంటే?"

"అది నింపకపోతే పేజీ ముందుకు పోదు."

"ముందుకు పోకపోతే మానెయ్! ఒక గడి కోసం నా కాపురం ఎక్కించేస్తావా?"

"మీతో మొదలవలేదు పిన్నీ. మొదట పళ్ళ డాక్టరుగారి కొలతలు ఎక్కించాను. మర్నాడు ఆయనొస్తే బాబాయ్ గారు 'తమరెవరు?' అన్నారు. వయసు మీద పడిందేమో అనుకున్నాను."

"ఎవరికి వయసు? ఈయనకా? దారం సూదిలోకి ఇప్పటికీ కళ్ళజోడు లేకుండా ఎక్కిస్తారు!"

"అదే. తర్వాత డ్రాయింగు మాస్టారిని ఎక్కించాను. ఆయన్నీ మర్చిపోయారు. పదిహేనేళ్ళుగా కుట్టించుకుంటున్న మనిషిని."

"అప్పుడైనా ఆపొద్దూ?"

"ఏదో అనుకోకుండా జరిగిందేమోనని ఇంకో ఇరవై మందిని ఎక్కించి చూశాను."

"చూశావూ?"

"ఇరవై మందినీ మర్చిపోయారు."

"తప్పు ఆ అమ్మాయిది కాదు మేడమ్. ఒకే సమాచారం రెండు చోట్ల ఉండకూడదట. ఉంటే గందరగోళమట. కంప్యూటర్లోకి వెళ్ళాక ఇంక నా దగ్గర ఎందుకు చెప్పండి?"

"చూడు, మళ్ళీ మేడమ్ అంటున్నారు! ఇదిగో పిల్లా, ఆ మాట ఈయనకి నువ్వు చెప్పావా?"

"నేను చెప్పలేదు పిన్నీ. అది పరీక్షలో తప్పకుండా వచ్చే ప్రశ్న. ఇక్కడ కూర్చుని గట్టిగా చదువుకున్నాను. బాబాయ్ గారు మిషను తొక్కుతూ విన్నట్టున్నారు."

"తడి తువ్వాలు కుర్చీ మీద వెయ్యొద్దు మొర్రో అని ముప్ఫయ్యేళ్ళుగా మొత్తుకుంటున్నాను. ఒక్కనాడు విన్నారా? నీ పుస్తకం ఒక్కసారి చెప్తే వినేశారు! చాలు. అన్నీ తీసెయ్. నా పేరు ముందు తీసెయ్."

"వద్దు పిన్నీ! తీసేస్తే ఇంకా ప్రమాదం. నిన్న బేకరీ ఆయన రికార్డు తీసేసి చూశాను."

"తీస్తే ఏమైంది?"

"కంప్యూటర్లోనూ లేడు, బాబాయ్ గారి బుర్రలోనూ లేడు. ఆయనొచ్చి చొక్కా ఇమ్మంటే 'అలాంటి మనిషి ఈ చుట్టుపక్కల లేడండీ' అన్నారు. పాపం ఆయన కాసేపు వాదించాడు. చివరికి ఆయనకే అనుమానమొచ్చి వెళ్ళిపోయాడు."

"అమ్మో! అయితే నన్ను తియ్యకు. ఉండనీ. అక్కడైనా ఉండనీ."

"నాలుగింటిదాకా ఓపిక పట్టండి పిన్నీ, మీకు దణ్ణం పెడతాను. నా ప్రాజెక్టు చూడడానికి ఎగ్జామినరు వస్తున్నాడు. 'ఈ వ్యవస్థ మీకు పనికొస్తోందా?' అని దుకాణం వాళ్ళని అడుగుతాడు. వాళ్ళు అవునంటేనే నాకు మార్కులు. అన్ని పేపర్లూ పాసయ్యాను, ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ ఒక్కటే మిగిలింది. ఇది మూడోసారి."

"మొదటి రెండుసార్లూ ఏమైంది?"

"మొదటిసారి ఒక పూలకొట్టు తీసుకున్నాను. నా ప్రాజెక్టు పూర్తయ్యేలోపు వాళ్ళు కొట్టు మూసేశారు."

"నీ కంప్యూటరు వల్లేనా?"

"కాదు పిన్నీ. అంటే... పూర్తిగా కాదు."

"రెండోసారి?"

"రెండోసారి ఇంకో కొట్టు. యజమాని చాలా బాగుందన్నాడు. కానీ ఎగ్జామినరు వచ్చేసరికి కంప్యూటరు మీద పూలకుండీ పెట్టుకున్నాడు. ఈసారి కూడా పోతే డిగ్రీ రాదు. ఇంక రాయనివ్వరు కూడా. ఇదే ఆఖరు."

"నీ డిగ్రీ నీకు. నా మొగుడు నాకొద్దూ?"

"కూర్చోండి మేడమ్. ఎండన పడి వచ్చినట్టున్నారు. ఫ్యాను ఇటు తిప్పమంటారా?"

"... ఏమన్నారు ఈయన?"

"కూర్చోమంటున్నారు పిన్నీ."

"విన్నాను. నమ్మకం కలగక అడిగాను."

"మంచినీళ్ళు తాగుతారా మేడమ్? అమ్మాయీ, ఆ కుర్చీ మీద గుడ్డలు తీసి మేడమ్ గారికి చోటివ్వు."

"ముప్ఫయ్యేళ్ళలో ఈ దుకాణంలో నాకు కుర్చీ దొరకడం ఇదే మొదలు."

"చూశారా? లాభాలు కూడా ఉన్నాయి పిన్నీ."

"ఊరుకో. ఏవండీ, నా మొహంలోకి సరిగ్గా చూసి చెప్పండి. మీకు పెళ్ళాం అంటూ ఒకరున్నారా?"

"ఉండే ఉండాలి మేడమ్. ఎవరో గుర్తులేదు గానీ, ఇంట్లో ఒకావిడ తిరుగుతుండేది. నా పెళ్ళి కోటు మీద మరిగే పాలు ఒలకబోసి, పిల్లి ఒలకబోసిందని చెప్పింది."

"ఏమిటీ!"

"మాకు పిల్లి లేదు మేడమ్."

"పిల్లా, ఏమిటిది? మనిషిని మర్చిపోయి తప్పులు గుర్తుపెట్టుకున్నారేమిటి?"

"మీ పేరూ ఫోన్ నంబరూ మాత్రమే ఎక్కించాను పిన్నీ. మిగతావి ఎక్కించలేదు కదా, అందుకని అవన్నీ ఇంకా బాబాయ్ గారి దగ్గరే ఉన్నాయి."

"అన్నీనా?"

"అన్నీ."

"ఏవండీ, ఆ ఇంట్లో ఆవిడ... ఇంకేమైనా చేసిందా?"

"చాలా చేసింది మేడమ్. మా అక్కయ్య వస్తే లోపల గడియ పెట్టుకుని ఇంట్లో ఎవరూ లేరంది. లోపల్నించే."

"... పిల్లా."

"పిన్నీ?"

"ఆ కంప్యూటరు ఇటు తిప్పు."

"ఎందుకు పిన్నీ?"

"ఎక్కించు. ముందు ఆ పాల సంగతి ఎక్కించు."

"పాల సంగతి ఎక్కడ ఎక్కించను? ఇది కొలతల పేజీ. ఇది డెలివరీ... ఆఁ, ఫిర్యాదుల పేజీ ఒకటుంది. కస్టమర్లు ఫిర్యాదు చేస్తే రాయడానికి పెట్టాను. ఇంతవరకూ ఖాళీ."

"ఖాళీగా ఉంచడం దేనికి? నాతో మొదలుపెట్టు."

"ఫిర్యాదు ఎవరి మీద?"

"నా మీదే."

"చేసినవారు?"

"నేనే. రాయి, రాయి."

"తారీకు వెయ్యాలి పిన్నీ, తప్పనిసరి."

"పెళ్ళయిన మూడో వారం. మంగళవారం. అది మాత్రం నేను మర్చిపోలేదు."

"పరిష్కారం అని చివర్న ఒక గడుంది."

"'మర్చిపోయారు' అని రాయి."

"రాశాను. సేవ్... అయిపోయింది."

"ఏవండీ, మీ పెళ్ళి కోటు మీద పాలు ఎవరు ఒలకబోశారు?"

"ఏ పాలు మేడమ్?"

"దేవుడా! పోయింది! పిల్లా, శుభ్రంగా పోయింది! మాటకి ముందోసారి, మాటకి వెనకోసారి పిల్లి లేదు పిల్లి లేదని దెప్పేవారు! తర్వాతది రాయి. ఆడపడుచు, గడియ."

"రాస్తున్నాను... పిన్నీ, నాలుగింటికి ఎగ్జామినరు వస్తే మీరు కూడా ఒక మాట చెబుతారా? వాడేవాళ్ళు ఒకళ్ళున్నా చాలు."

"ఒక మాటేమిటి, ఉపన్యాసమిస్తాను. ఇలాంటిది ఇంటికొకటి ఉండాలని చెప్తాను. రాయి: ఈయన జుట్టు పల్చబడుతోందని మొదట నవ్వింది నేనే. రాయి: వాళ్ళ పెద్దనాన్న ఇచ్చిన గడియారం ఆగిపోలేదు. టిక్కు టిక్కుమంటుంటే నిద్ర పట్టక నేనే చెడగొట్టాను."

"ఇది బాబాయ్ గారికి తెలుసా పిన్నీ?"

"ఏది?"

"గడియారం సంగతి."

"తెలీదు. తెలిస్తే ఊరుకుంటారా?"

"తెలియనిది ఎలా మర్చిపోతారు?"

"ముందుజాగ్రత్తమ్మా! ఎప్పుడైనా తెలిసిందనుకో? ఇప్పుడే ఎక్కించి పారేస్తే ఆ బెంగ ఉండదు."

"కానీ ఆయన ఇక్కడే ఉన్నారు, వింటారేమో..."

"వింటే మాత్రమేం? నువ్వు సేవ్ నొక్కితే పోతుందిగా. తొందరగా నొక్కు."

"నొక్కాను. ఇంకా ఉన్నాయా?"

"... ఒకటుంది."

"చెప్పండి."

"పెద్దది."

"గడి పెద్దదే పిన్నీ, అయిదొందల అక్షరాలు పడుతుంది."

"ఈయనకి ఒక క్లారినెట్ ఉండేది."

"బాబాయ్ గారు వాయించేవారా?"

"వాయించేవారనకు. ఊదేవారు. మొదటి రోజు వీధిలో కుక్కలన్నీ వచ్చి గుమ్మంలో నిలబడ్డాయి. రెండో రోజు కుక్కలు కూడా వీధి ఖాళీ చేసి వెళ్ళిపోయాయి. ఆర్నెల్లు భరించాను. ఒకరోజు మా వీధిలో బ్యాండు వాళ్ళు పోతుంటే పిలిచి ఇచ్చేశాను. 'ఉంచుకోండి, మళ్ళీ ఇటు రాకండి' అన్నాను."

"బాబాయ్ గారికేం చెప్పారు?"

"ఏం చెప్పలేదు. అదే పాపం. ఆ పూట మా మరిది వచ్చి వెళ్ళాడు. ఈయన వాడి మీద పడ్డారు. నువ్వే పట్టుకుపోయావన్నారు. వాడు కాదన్నాడు. ఈయన దొంగ అన్నారు. తమ్ముణ్ణి పట్టుకుని... ఆ మాట అన్నారమ్మా."

"మీరు అప్పుడైనా..."

"చెబుదామనే అనుకున్నాను. కోపం చల్లారాక చెబుదాం, ఈ వారం పోనీ, వచ్చేవారం అనుకున్నాను. వారం పోయి నెలయింది, ఏడాదయింది. ఆ తర్వాత చెబితే, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదన్నది ఇంకో నేరమవుతుంది కదా? పదకొండేళ్ళయింది వాళ్ళిద్దరికీ మాటల్లేక. రెండు వీధులవతలే ఇల్లు. మరిది ఎదురుపడితే నాకు తల తిప్పుకోవడం తప్ప దారి లేదు."

"... పిన్నీ."

"రాశావా?"

"రాశాను. బ్యాండు పేరు కూడా వెయ్యమంటారా?"

"వెయ్యి. రైలు స్టేషను వెనకాల బ్యాండు. అన్నీ వెయ్యి. ఏమీ మిగలకూడదు. పరిష్కారంలో..."

"'మర్చిపోయారు' అనేనా?"

"అదే. సేవ్ నొక్కు."

"నొక్కాను."

"అబ్బ! తల మీంచి గ్యాసు బండ దించినట్టుంది. ఏవండీ, మీకు క్లారినెట్ వాయించడం వచ్చా?"

"అదేమిటి మేడమ్? వంట సామానా?"

"బంగారంలాంటి చదువమ్మా నీది! ఏం పేరన్నావు? సరే, ఏదో ఒకటి. నాలుగింటికి కదూ ఆయనొచ్చేది? ఇలా జిడ్డు మొహంతో ఉపన్యాసమిస్తే బాగుండదు. ఇంటికెళ్ళి చీర మార్చుకుని వస్తాను. వస్తానండీ!"

"మళ్ళీ దయచెయ్యండి మేడమ్."

"విన్నావా? దయచెయ్యండట!"

"జాగ్రత్త పిన్నీ, మెట్టుంది."

"అమ్మాయీ, ఆవిడ మలుపు తిరిగిందా?"

"ఏ ఆవిడ బాబాయ్ గారూ?"

"మా ఆవిడ."

"తిరి... ఏమన్నారు?"

"కిటికీలోంచి సరిగ్గా చూసి చెప్పు. సగం దూరం వెళ్ళి గొడుగు మర్చిపోయానని వెనక్కొచ్చే అలవాటుంది."

"మీకు పిన్ని గుర్తొచ్చారా?"

"మర్చిపోతేగా గుర్తురావడానికి!"

"మరి పళ్ళ డాక్టరు? డ్రాయింగు మాస్టారు?"

"డాక్టరుగారి తెల్లకోటు వీపు మీద ఇస్త్రీపెట్టె అచ్చు పడిందమ్మా. ఏం చెప్పాలో తోచక, మీరెవరో గుర్తులేదన్నాను. అంతా నీ యంత్రంలో ఉందన్నాను. ఆయన నోరెత్తకుండా వెళ్ళిపోయాడు! ఒకణ్ణి మర్చిపోయాక మిగతావాళ్ళని మర్చిపోకపోతే ఏం బాగుంటుంది, పక్షపాతంలా ఉండదూ?"

"బేకరీ ఆయన్ని కూడానా? పాపం ఆయన తను ఉన్నాడో లేడో తెలీక వెళ్ళాడు!"

"ఆయన చొక్కాకి ఇంకా చేతులు పెట్టలేదు."

"పిన్నిని ఎందుకండీ?"

"అది కాస్త అత్యాశే. ఒక్క పూట తువ్వాలు గొడవ లేకుండా గడుస్తుందేమో చూద్దామనుకున్నా. ఆవిడ ఇంత దూరం వస్తుందని, వచ్చి ఇవన్నీ చెప్తుందని నేను కలగన్నానా?"

"అంటే నా సిస్టమ్ పనిచెయ్యలేదన్నమాట. ఇంక ఎగ్జామినరుకి ఏం చెప్పను? నా డిగ్రీ..."

"పనిచెయ్యకపోవడమేమిటి? పదకొండేళ్ళుగా నేను రాబట్టలేని సంగతి ఇరవై నిమిషాల్లో రాబట్టింది. నాలుగింటికి మీ ఎగ్జామినరు ఎదుట అదే చెప్తాను. ఒట్టు. ముందు ఆ ఆఖరి పేజీ ఒక కాగితం మీద తీసివ్వు."

"ప్రింటా? ఎందుకు?"

"మా తమ్ముడి ఇంటికెళ్ళాలి. వట్టి మొహం వేసుకుని వెళ్తే వాడు తలుపు తియ్యడు."

"ఇప్పుడే వెళ్తారా?"

"గంట టైముంది కదా. వాడు తిట్టడానికి ఎంతసేపు తీసుకుంటాడు? పదకొండేళ్ళవి... సరే, నాలుగింటికల్లా వచ్చేస్తా."

"ఇదిగోండి. కానీ బాబాయ్ గారూ, పిన్ని ఎంత నమ్మి చెప్పారో చూశారు కదా. ఇంటికెళ్ళాక ఆవిడతో గొడవ పెట్టుకోరు కదా?"

"ఆవిడతో నాకు గొడవేమిటమ్మా? పొద్దున్నేగా పరిచయమైంది."