దమ్ము పట్టే చోటు

పెద్దలారా, అక్కలారా, అన్నలారా! ఇవాళ వేట మానుకుని వచ్చినవాళ్ళున్నారు. అల్లూరు నుంచి డీజే బండ్లవాళ్ళు స్పీకరు పెట్టెలు దించేసి వచ్చారు. ఈ తుఫాను షెల్టరులో గాలివానకు తప్ప ఇంతమంది చేరడం నేను చూడలేదు. మన పెంచల్ అన్న పోయి పది రోజులైంది. స్టూడియోలో, చెవులకు హెడ్‌ఫోను పెట్టుకునే, గుండె ఆగి పోయాడు. నాకు ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

నన్ను ఎరగనివాళ్ళ కోసం చెబుతాను. నా పేరు స్వర్ణ, పోలేరయ్య కూతుర్ని. మీ పెళ్ళిళ్ళలో మోగే వల పాటలో గొంతు నాది, మా నాయనది. ఆ పాటను తయారు చేసింది పెంచల్ అన్న. నేను ఏడవడానికి రాలేదు, ఆ పని ఇంట్లో అయింది. ఒక మాట తేల్చి చెప్పడానికి వచ్చాను.

ఒడ్డున నిలబడి అలివి వల లాగేవాళ్ళకు తెలుసు. పాడుతూనే లాగుతాం. కానీ సరిగ్గా తాడు లాగే క్షణంలో పాట ఉండదు. నోరు మూసుకుపోతుంది. ఊపిరి బిగబట్టి లాగుతాం. దమ్ము పట్టడం అంటాం దాన్ని. పాటలో వస్తుందా వల? రాదు. పాట ఆగిన ఆ కాస్త ఖాళీలో వస్తుంది.

వాకాడులో వలలూ తాళ్ళూ అమ్మే కొట్టు మీద అన్న స్టూడియో. మొదటి రోజు నేను, మా నాయన మైకు ముందు బుద్ధిగా నిలబడి పాడాం. అందరూ బాగుందన్నారు. అన్న మాత్రం తల అడ్డంగా ఊపాడు. "ఊరికే ఆపినట్టుండాది. దమ్ము పట్టినట్టు లేదు" అన్నాడు. కిందికి పోయి కొట్లోంచి లావుపాటి తాడు తెచ్చి, స్టూడియో తలుపుకు కట్టి, ఇక లాగుతూ పాడమన్నాడు. మూడోసారికి గొళ్ళెం ఊడి వచ్చింది. పాట చివర మీకు వినపడే టపుక్కుమనే చప్పుడు డప్పు అనుకుంటున్నారు కదా? అది గొళ్ళెం!

అలాగని ఆయన మడి కట్టుకున్న మనిషి అనుకోకండి. ఆ పాటకు డీజే దరువు వేసింది ఆయనే. గంగులయ్య మామ ఇక్కడే ముందు వరసలో ఉన్నాడు, ఏమీ అనుకోవద్దు మామా. "కడలి తల్లి గంగమ్మ పాటను బజారుకెక్కించినావు గదరా" అని స్టూడియో మెట్ల మీదే అన్నను దులిపేశాడు. అన్న ఏమన్నాడు? "పెళ్ళిలో పిలకాయలు ఎగరకపోతే ఈ పాట మనతోనే పోద్ది మామా. నేను దాన్ని బతికించేదానికే చూస్తా ఉండా" అన్నాడు.

మరి పిలకాయలు ఎగిరారా? మొదటి పెళ్ళిలో ఎగరలేదు. వెంకటాచలంలో ఆ పెళ్ళి. ఖాళీ రాగానే అందరూ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. పెట్టె చెడిపోయిందనుకుని డీజే అతను వైర్లు పీకి మళ్ళీ పెట్టాడు. పందిరి వెనక కుర్చీలో కూర్చుని అన్న అంతా చూశాడు. జనానికి పాట వినడం రాదని తిట్టాడా? లేదు. "నాదే తప్పు, ముందుగా చెప్పలేదు" అన్నాడు. వేగం పెంచాడు. నా గొంతును కాస్త పైకి లేపాడు. ఖాళీ వస్తోందని తెలిసేలా ముందు ఒక పెద్ద దెబ్బ వేశాడు. ఖాళీని మాత్రం ముట్టుకోలేదు. ఆ తరువాతి పెళ్ళిలో దెబ్బ పడగానే పందిరిలో ఉన్నవాళ్ళంతా లేని తాడును పట్టుకుని, వెనక్కి వంగి లాగారు. ఒక్క నోరు పలకలేదు. వల ఎలా ఉంటుందో తెలియని పిల్లలు కూడా దమ్ము పట్టారు. అన్న పందిరి వెనక కళ్ళు తుడుచుకున్నాడు.

వినేవాడి కోసం చుట్టూ ఎంతైనా మార్చే మనిషి ఆయన. రొయ్యల మేత ప్రకటనకు కూడా సంబరంగా బాణీ కట్టాడు. అందులోనూ ఒక దమ్ము ఇరికించాడు, మేత అమ్మేవాళ్ళు కనిపెట్టనే లేదు.

తరువాత ఒక పెద్ద పాటల కంపెనీ వాళ్ళు వచ్చారు. పాట బ్రహ్మాండం అన్నారు. దేశమంతా వినిపిస్తాం అన్నారు. ఒకటే కోరిక, ఆ ఖాళీ పూడ్చాలి. ఫోనులో వినేవాళ్ళు పాట అయిపోయిందనుకుని వేరేదానికి వెళ్ళిపోతారట. అన్నకు ఆశ లేదా? ఉంది. ఆ రోజు కొత్త చొక్కా వేసుకుని మరీ కూర్చున్నాడు. అయినా ఏమన్నాడు? "కావాలంటే నా పేరు తీసేయండి. ఆడ మాత్రం ఏం పెట్టొద్దు. ఆడ మావోళ్ళ ఊపిరుండాది" అన్నాడు. వాళ్ళు టీ తాగి వెళ్ళిపోయారు.

ఇప్పుడు మళ్ళీ వచ్చారు. అన్న పోయిన ఆరో రోజున ఆయన భార్య వాణి వదినకు ఫోను చేశారు. నివాళిగా పాటను విడుదల చేస్తారట, ఖాళీ పూడ్చి! బతికుండగా ఒప్పుకోని మనిషి పోయాక ఒప్పుకున్నట్టేనా? ఆయన పేరు దేశమంతా మోగుతుంది కదా, సరేననమని మనలోనూ కొందరన్నారు. ప్రేమతోనే అన్నారు, నాకు తెలుసు. వదిన నా చేయి పట్టుకుని, "గొంతు నీది స్వర్ణా, నువ్వే చెప్పు" అంది.

చెబుతున్నాను. ఒప్పుకోను. నా గొంతు ఇవ్వను, మా నాయన గొంతు ఇవ్వను. ఆయన నోరు మూతపడింది కదా అని ఆయన పాట నోట్లో ఏదో ఒకటి కుక్కుతామంటే ఊరుకోం. నివాళి ఇవ్వాలనుందా? ఖాళీతో సహా వేయండి. లేదా, మా పెళ్ళిళ్ళు మాకున్నాయి, మా డీజే బండ్లు మాకున్నాయి. దేశం వినకపోతే పోనీ! ఆ పాట మాది, మా దగ్గరే మోగుతుంది.

ఇక అందరం లేద్దాం. కరపత్రంలో రెండు నిమిషాల మౌనం అని వేశారు. మొదటి రోజు నేను చేసినట్టు ఊరికే ఆపడం వద్దు. స్టూడియోలోని ఆ తాడే తెప్పించి షెల్టరు తలుపుకు కట్టించాను. వరసల వెంట వస్తుంది, చేతికందిన చోట పట్టుకోండి. నేను ఒక్క చరణం పాడతాను. గంగులయ్య మామ డప్పు మీద ఒక్క దెబ్బ వేస్తానన్నాడు. ఆ దెబ్బ పడగానే ఎవ్వరూ పలకొద్దు. ఊపిరి బిగబట్టి లాగండి. గొళ్ళెం ఊడితే ఊడనీ!

లేవండి. దమ్ము పట్టండి.